పడవ ఇంజన్లలో ఉష్ణనియంత్రణ: శీతలజలం, కందెన నూనెల శాస్త్రం

ఉపోద్ఘాతం

నల్లమల కొండల పాదాన, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో వెలసిన మహానంది క్షేత్రంలో ఏడాది పొడవునా ఊటనీరు ప్రవహిస్తూనే ఉంటుంది. నడివేసవిలో కోనేట దిగినవారికి ఆ నీరు చల్లగానూ, చలికాలపు తెల్లవారుజామున దిగినవారికి గోరువెచ్చగానూ తోస్తుంది. నిజానికి ఋతువును బట్టి మారేది బయటి గాలి ఉష్ణోగ్రతే. భూగర్భంలో పది పదిహేను మీటర్ల దిగువన నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు స్థిరంగా ఉంటుంది కనుక, ఆ లోతుల నుంచి ఉబికివచ్చే నీరు ఆ స్థిరత్వాన్ని వెంట తెచ్చుకుంటుంది. ఈ కోనేరు మరొక పాఠం కూడా చెబుతుంది. ఊట ఎంత నీటిని ఇస్తుందో అంత నీరూ తూముల గుండా బయటికి పోతూ ఉండటం వల్ల నీటిమట్టం సుమారు ఐదడుగుల వద్ద నిలకడగా ఉంటుంది. రాకపోకలు సమానమైన చోట మట్టం నిలుస్తుంది. రాక పెరిగి పోక తగ్గితే మట్టం లేస్తుంది. ఇంజనులో పుట్టే వేడికీ, బయటికి పోయే వేడికీ మధ్య ఉన్న సంబంధం సరిగ్గా ఇదే. అక్కడ మట్టానికి బదులు లేచేదీ పడేదీ ఉష్ణోగ్రత.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలను మెట్టసీమగా భావించేవారికి పడవ ఇంజన్ల ప్రస్తావన వింతగా తోచవచ్చు. కాని 1860ల దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ సాగునీటితో పాటు పడవల రాకపోకలను కూడా ఉద్దేశించి లాకులతో నిర్మితమైనదే. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో శ్రీశైలం అంతర్భాగం. పాతాళగంగ రేవు నుంచి అక్కమహాదేవి గుహల వైపు యాత్రికుల బోట్లు నడుస్తాయి. సంగమేశ్వరం రేవులో నదిని దాటించే మరబోట్లు జలాశయమంత విస్తీర్ణం మీద పనిచేస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడూ, 2019 సెప్టెంబరు వానలకు మహానంది ఆలయ ప్రాంగణమే నీటమునిగినప్పుడూ వరద ఎంత వేగంగా మీద పడుతుందో ఈ సీమ ప్రజలు చూశారు. అలాంటి వేళ ప్రవాహానికి ఎదురీదవలసిన పడవ, ఇంజను వేడెక్కి నట్టనడుమ ఆగిపోతే అందులోని వారి ప్రాణాలు నీటిపాలవుతాయి. కనుక శీతలీకరణ శాస్త్రం పడవ నడిపే ప్రతి ఒక్కరికీ అవసరమైన విద్య.

నిర్వచనాలు

మొదట కొన్ని పారిభాషిక పదాలను స్పష్టపరచుకుందాం. ఉష్ణోగ్రతలో తేడా ఉన్నందువల్ల ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు ప్రవహించే శక్తి ఉష్ణం. ఆ ప్రవాహం ఏ దిశలో సాగుతుందో నిర్ణయించే స్థితి ఉష్ణోగ్రత. ఒక కిలోగ్రాము పదార్థం ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన ఉష్ణరాశి దాని విశిష్టోష్ణం. నీటి విశిష్టోష్ణం 4.18 కిలోజౌళ్ళు, కందెన నూనెది సుమారు 2 కిలోజౌళ్ళు, గాలిది ఒక కిలోజౌలు. ఘనపరిమాణం లెక్కన చూస్తే ఒక లీటరు నీరు మోసుకుపోగల వేడిని అదే ఉష్ణోగ్రతా భేదంలో మోయడానికి సుమారు మూడున్నర వేల లీటర్ల గాలి కావాలి. శీతలకంగా నీటికి ఉన్న ప్రాధాన్యానికి ఇదే మూలకారణం.

ఉష్ణం ప్రసరించే మార్గాలు మూడు: ఘనపదార్థంలో అణువు నుంచి అణువుకు సాగే ఉష్ణవహనం, కదిలే ద్రవం లేదా వాయువు తనతో మోసుకుపోయే ఉష్ణసంవహనం, మాధ్యమం అవసరం లేని ఉష్ణవికిరణం. ఇంజనులో ఈ మూడూ ఏకకాలంలో జరుగుతాయి. దహనకోష్ఠంలోని జ్వాల నుంచి సిలిండరు గోడకు సంవహన, వికిరణాల ద్వారానూ, గోడ లోపలి ముఖం నుంచి వెలుపలి ముఖానికి వహనం ద్వారానూ, అక్కడి నుంచి శీతలజలానికి సంవహనం ద్వారానూ వేడి చేరుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె బలహీనపడినా దానికి ముందున్న భాగాలన్నీ వేడెక్కుతాయి.

శీతలీకరణ అనగానే చాలామందికి ఎంత చల్లబరిస్తే అంత మంచిదనే భావన కలుగుతుంది. అది పొరపాటు. ఇంజను భాగాలను, వాటిని చుట్టివచ్చే ద్రవాలను ఒక నిర్దిష్ట కనిష్ఠ, గరిష్ఠ హద్దుల నడుమ నిలిపి ఉంచడమే శాస్త్రీయార్థంలో శీతలీకరణ. నీటికి ఒక హద్దు, నూనెకు వేరొక హద్దు ఉంటాయి. ఒకదాని మీటరు చూసి రెండవదాని స్థితిని ఊహించడం సరికాదు. ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన ఇదే.

ఇంధనశక్తి పంపకం

అంతర్దహన ఇంజనులో కాలిన ఇంధనపు శక్తి అంతా చోదకశక్తిగా మారదు. మంచి డీజిల్ ఇంజనులో సుమారు 40 శాతం మాత్రమే పనిగా మారుతుంది. దాదాపు 30 శాతం పొగతో పాటు బయటికి పోతుంది. మిగిలిన భాగంలో అధికాంశం శీతలజలానికీ, కొంత నూనెకూ, స్వల్పాంశం చుట్టూ ఉన్న గాలికీ చేరుతుంది. పెట్రోలు ఇంజనులో పనిగా మారే వంతు ఇంకా తక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 150 కిలోవాట్లు, అంటే సుమారు 200 అశ్వసామర్థ్యం గల డీజిల్ ఇంజను పూర్తి భారంతో నడుస్తున్నదనుకుందాం. దానికి అందే ఇంధనశక్తి 375 కిలోవాట్లు. ఇందులో 28 శాతం, అంటే 105 కిలోవాట్ల ఉష్ణాన్ని నీరు, నూనె మార్గాల ద్వారా నదిలోకి పంపించవలసి ఉంటుందని భావిద్దాం. నదినీరు ఇంజను గుండా పోతూ 15 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలని నిర్ణయించుకుంటే, 105ను 4.18, 15ల లబ్ధంతో భాగించగా సెకనుకు సుమారు 1.67 కిలోగ్రాములు, అంటే నిమిషానికి 100 లీటర్ల ప్రవాహం కావాలని తేలుతుంది. జల్లెడలో నాచు చుట్టుకుని ఆ ప్రవాహం సగానికి పడిపోతే నీరు 30 డిగ్రీలు వేడెక్కుతుంది. నదినీరు 30 డిగ్రీల వద్ద లోపలికి వచ్చిందనుకుంటే, 45 డిగ్రీల వద్ద వెలుపలికి పోవలసినది 60 డిగ్రీల వద్ద పోతుంది. చేతితో తాకి చూస్తేనే తెలిసిపోయేంత తేడా ఇది.

పడవ ఇంజను ప్రత్యేకత

రోడ్డు మీద నడిచే వాహనానికి పల్లం వచ్చినప్పుడు, వేగం తగ్గించినప్పుడు విశ్రాంతి దొరుకుతుంది. నీటిమీద పల్లాలు లేవు. పడవ వేగంగా పోతున్నంతసేపూ ఇంజను దాదాపు గరిష్ఠ భారాన్నే మోస్తుంది. పైగా చోదక పంకా గ్రహించే సామర్థ్యం దాని భ్రమణవేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే సగం వేగంతో తిరిగే పంకా పూర్తి సామర్థ్యంలో ఎనిమిదవ వంతు మాత్రమే కోరుతుంది. 80 శాతం వేగంతో తిరిగేది సుమారు 51 శాతం కోరుతుంది.

శీతలీకరణ రీత్యా ఈ ఘన నియమం చాలా ముఖ్యమైనది. ఇంజనుకు జోడించిన నీటి పంపు ఇచ్చే ప్రవాహం భ్రమణవేగంతో సమానంగానే పెరుగుతుంది. పుట్టే ఉష్ణం మాత్రం సామర్థ్యంతో పాటు ఇంచుమించు ఘనంగా పెరుగుతుంది. 80 శాతం వేగం నుంచి పూర్తి వేగానికి పోయినప్పుడు ప్రవాహం నాలుగవ వంతు మాత్రమే పెరుగుతుంది, ఉష్ణం దాదాపు రెట్టింపవుతుంది. ప్రతి లీటరు నీటి మీద పడే ఉష్ణభారం ఆ విధంగా ఒకటిన్నర రెట్లకు మించుతుంది. రేవు దగ్గర, నెమ్మది నడకలో ఏ లోపమూ కనబరచని ఇంజను, నడిఏట పూర్తి వేగం అందుకున్న కాసేపటికే వేడెక్కడానికి కారణం ఇదే. పాక్షికంగా మూసుకుపోయిన మార్గం స్వల్ప భారంలో దాగి ఉంటుంది. అధిక భారంలో బయటపడుతుంది.

శీతలీకరణ పద్ధతుల వర్గీకరణ

పడవ ఇంజన్ల శీతలీకరణను నాలుగు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది వాయు శీతలీకరణ. సిలిండరు చుట్టూ రెక్కలు అమర్చి, పంకా గాలితో చల్లబరిచే ఈ పద్ధతి చిన్న తెప్పలకు బిగించే పొడవుకాడ ఇంజన్లలో వాడుకలో ఉంది. నిర్మాణం సులభమైనా అధిక సామర్థ్యానికి ఇది చాలదు.

రెండవది ప్రత్యక్ష జల శీతలీకరణ. నదినీటినో సముద్రపు నీటినో నేరుగా ఇంజను దిమ్మెలోకి పంపి, తిరిగి బయటికి వదిలే పద్ధతి ఇది. పడవ వెనుక తగిలించే అవుట్‌బోర్డు మోటార్లన్నీ దాదాపు ఈ తరగతివే. ఇందులో భాగాలు తక్కువ, బరువు తక్కువ. కాని బయటినీటిలోని ఉప్పు, సున్నం, ఇసుక నేరుగా ఇంజను అంతర్భాగాలను తాకుతాయి. సముద్రజలం విషయంలో ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీలు దాటితే లవణాలు గోడలకు పేరుకోవడం మొదలవుతుంది కనుక, ఇలాంటి ఇంజన్లను సహజంగానే తక్కువ ఉష్ణోగ్రత వద్ద నడపవలసి వస్తుంది.

మూడవది పరోక్ష లేదా సంవృత శీతలీకరణ. ఇంజను లోపల శుద్ధమైన శీతలక ద్రవం ఒక మూసిన వలయంలో తిరుగుతుంది. ఆ ద్రవం తన వేడిని ఉష్ణవినిమయకం అనే సాధనంలో బయటి నీటికి అప్పగిస్తుంది. సన్నని రాగి మిశ్రలోహపు గొట్టాల కట్ట, దానిని చుట్టుకుని ఒక కవచం, ఇవే ఉష్ణవినిమయకం స్వరూపం. గొట్టాల లోపల నదినీరు, వెలుపల శీతలకం ప్రవహిస్తాయి. అవి కలవవు, వేడి మాత్రం గోడ దాటుతుంది. ఈ ఏర్పాటు వల్ల ఇంజనును 80 నుంచి 90 డిగ్రీల అనుకూల ఉష్ణోగ్రత వద్ద నడపడం సాధ్యమవుతుంది.

నాలుగవది పడవ అడుగు శీతలీకరణ. ఉష్ణవినిమయకానికి బదులు శీతలక గొట్టాలను పడవ అడుగున, నీటిలో మునిగి ఉండేలా బిగిస్తారు. బయటినీటిని లోపలికి తోడే అవసరం లేనందువల్ల బురదనీటిలో ఇది ఎంతో నమ్మదగినది. అయితే ఆ గొట్టాలు నేలకు తగిలితే దెబ్బతింటాయి, వాటిపై నాచు పట్టితే వేడి సరిగా దిగదు.

ముఖ్య భాగాలు, వాటి ధర్మాలు

బయటినీటి మార్గంలో మొదట ప్రవేశద్వారపు కవాటం, తరువాత జల్లెడ, ఆపైన పంపు వస్తాయి. ఈ పంపులోని ఇంపెల్లరును దగ్గరగా పరిశీలించడం అవసరం. అది ఒక రబ్బరు చక్రం. నడుమ ఇత్తడి తూము, చుట్టూ అనేక మెత్తని రెక్కలు. అది తిరిగే గది పూర్తిగా గుండ్రంగా ఉండదు; ఒక పక్క గోడ లోపలికి ఉబ్బి ఉంటుంది. రెక్కలు ఆ ఉబ్బు దగ్గర వంగి, దాటగానే విచ్చుకుంటాయి. విచ్చుకునేటప్పుడు వాటి నడుమ చోటు పెరిగి నీరు లోపలికి పీల్చబడుతుంది. తిరిగి వంగేటప్పుడు ఆ నీరు వెలుపలికి నెట్టబడుతుంది. రబ్బరుకు, లోహానికి మధ్య ఘర్షణను తగ్గించేది ఆ నీరే. నీరు లేకుండా ఇంజను నడిపితే కొద్దిసేపట్లోనే రెక్కల అంచులు మాడి తెగిపోతాయి. తెగిన ముక్కలు అక్కడితో ఆగక ప్రవాహంతో పోయి ఉష్ణవినిమయకం గొట్టాల మూతుల వద్ద ఇరుక్కుంటాయి. అందువల్ల ఇంపెల్లరు మార్చినప్పుడు తెగిన రెక్కలెన్నో లెక్కపెట్టి, అన్ని ముక్కలూ దొరికేదాకా వెతకాలి. కొత్త ఇంపెల్లరు వేసినా వేడి తగ్గలేదంటే మొదట అనుమానించవలసినది ఈ ముక్కలనే.

రెండవ ముఖ్య భాగం ఉష్ణస్థాపకం. మెకానిక్కులు దీనిని థర్మోస్టాట్ అంటారు. ఒక చిన్న లోహపు గుళిక నిండా ప్రత్యేకమైన మైనం ఉంటుంది. నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద మైనం కరిగి వ్యాకోచించి, ఒక కడ్డీని నెట్టి కవాటాన్ని తెరుస్తుంది. చల్లబడినప్పుడు స్ప్రింగు దానిని మూస్తుంది. సంవృత వ్యవస్థలలో ఇది సాధారణంగా 70 నుంచి 82 డిగ్రీల నడుమ తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో పది పదిహేను డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. ఇంజను వేడెక్కుతున్నదని దీనిని పీకి పారేయడం మన ప్రాంతంలో తరచుగా కనిపించే అలవాటు. అలా చేస్తే ఇంజను ఎప్పుడూ తగిన వెచ్చదనానికి చేరదు. కొన్ని నిర్మాణాలలో నీరు సిలిండర్లను తప్పించుకుని సులభమైన మార్గంలో తిరిగి, వేడి మరింత పెరుగుతుంది కూడా. రోగం నీటి మార్గంలో ఉంటే మందు ఉష్ణస్థాపకం మీద ప్రయోగించకూడదు.

మూడవది పీడన మూత. వాతావరణ పీడనం వద్ద నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. వలయంలో పీడనాన్ని మరో వాతావరణమంత పెంచితే మరుగుస్థానం సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. ఈ అదనపు హద్దును కాపాడేది మూతలోని స్ప్రింగు, రబ్బరు వలయం. మూత బలహీనపడితే సిలిండరు తలలోని వేడిచోట్లలో నీరు ముందుగానే ఆవిరవుతుంది. ఆవిరి బుడగ నిలిచిన చోట లోహం నుంచి నీటికి వేడి దిగదు. అక్కడే పగులు పుడుతుంది. వేడిగా ఉన్న ఇంజను మూతను తెరవకూడదన్న హెచ్చరికకు కారణం కూడా ఇదే. పీడనం తొలగిన మరుక్షణం 100 డిగ్రీలు మించి ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై మనిషి ముఖం మీదికి చిమ్ముతుంది.

కందెన నూనె ఉష్ణోగ్రత

ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి జారడాన్ని నిరోధించే గుణం స్నిగ్ధత. బేరింగులో తిరిగే కడ్డీ తన వేగంతో నూనెను ఇరుకుసందులోకి లాక్కుని, ఆ నూనె పీడనం మీదనే తేలుతుందని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణితపరంగా నిరూపించాడు. కొద్ది మైక్రానుల మందం గల ఆ పొర ఉన్నంతవరకు లోహం లోహాన్ని తాకదు. పొర నిలవాలంటే స్నిగ్ధత చాలినంత ఉండాలి. అయితే ఆ స్నిగ్ధత ఉష్ణోగ్రతతో పాటు శీఘ్రంగా మారుతుంది. డీజిల్ ఇంజన్లలో విరివిగా వాడే 15డబ్ల్యు-40 రకపు నూనె స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద సుమారు 110 ప్రమాణాలైతే, 100 డిగ్రీల వద్ద 14 లేదా 15 మాత్రమే. అరవై డిగ్రీల పెరుగుదలకు ఏడు ఎనిమిది వంతులలో ఒక వంతు మాత్రమే మిగులుతుంది.

నూనె కేవలం కందెన మాత్రమే కాదు, శీతలకం కూడా. నీరు చేరలేని ముషలకాల (పిస్టన్ల) అడుగుభాగం, క్రాంకు బేరింగులు, టర్బో ఛార్జరు కడ్డీ, వీటి వేడిని మోసేది నూనే. అందుచేత అధిక సామర్థ్యపు ఇంజన్లలో నూనెను చల్లబరచడానికి నూనె శీతలకం అనే ప్రత్యేక సాధనాన్ని అమర్చుతారు. సాధారణంగా ఇంజను అడుగు తొట్టి అయిన సంపులోని నూనె 90 నుంచి 110 డిగ్రీల నడుమ ఉండటం వాంఛనీయం. అంతకు మించితే పొర పలచబడి నూనె పీడనం పడిపోతుంది. ఆక్సీకరణం కూడా తీవ్రమవుతుంది. ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని స్థూలంగా చెప్పవచ్చు. పది డిగ్రీలు ఎక్కువ వేడిలో నిత్యం పనిచేసే నూనె ఆయుర్దాయం సగానికి తగ్గుతుందని దీని భావం.

నూనె అతిగా చల్లబడటం కూడా అంతే హానికరం. ఒక కిలోగ్రాము డీజిల్ కాలితే సుమారు 1.2 కిలోగ్రాముల నీటియావిరి పుడుతుంది. దానిలో కొద్దిభాగం ముషలకపు రింగులను దాటి సంపులోకి చేరుతుంది. నూనె తగినంత వేడిగా ఉంటే ఆ తేమ ఆవిరై గాలిగొట్టం గుండా బయటికి పోతుంది. చల్లగా ఉంటే అక్కడే నీరుగా మారి, గంధక ఆమ్లాలతోనూ కాలని ఇంధనంతోనూ కలిసి మడ్డిగా మారుతుంది. చిక్కటి నూనె సన్నని మార్గాలకు ఆలస్యంగా చేరుతుంది. ఆ సమయంలో మీటరు చూపే అధిక పీడనం చూసి సంతృప్తి పడటం ప్రమాదకరం. ఇంజను స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే నీటి ముల్లు యథాస్థానానికి వచ్చినా, నూనె అంతకన్నా చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. కనుక పూర్తి వేగం అందుకోవడానికి అనుమతి ఇవ్వవలసినది నూనె ముల్లే.

అధికవేగ పడవల సమస్య

వేగపు పడవలలో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడుతుంది. నీటిలో దూసుకుపోయే ప్రవేశద్వారం మీద పడే గతిజ పీడనం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో అది వాతావరణ పీడనంలో సగం. 72 కిలోమీటర్ల వేగంలో దాదాపు రెండు వాతావరణాలు. 108 కిలోమీటర్ల వేగంలో నాలుగున్నర. బయటినీటిని నేరుగా వాడుకునే పందెపు ఇంజన్లలో ఈ పీడనం గ్యాస్కెట్లను, నూనె శీతలకాన్ని చీల్చగలదు. పైగా ఇంత ధారాళంగా వచ్చే చల్లనీరు ఇంజనును, నూనెను అవసరానికి మించి చల్లబరుస్తుంది. అదే పడవ రేవు దగ్గర నెమ్మదించగానే పీడనం శూన్యప్రాయమై, అప్పటిదాకా పోగైన వేడిని మోసుకుపోయే నీరు కరవవుతుంది.

దీనికి నాలుగు అంచెల పరిష్కారం ఉంది. ప్రవేశమార్గంలో ప్రవాహాన్ని పరిమితం చేసే సన్నని రంధ్రపు బిళ్ళ మొదటిది. హద్దు దాటిన పీడనాన్ని నేరుగా నదిలోకి వదిలే విమోచన కవాటం రెండవది. చల్లని నీటిని, ఇంజనులో వేడెక్కిన నీటిని కలిపి సమశీతోష్ణంగా తిరిగి పంపే మిశ్రమ తొట్టి మూడవది. నూనె మార్గంలోనే వేరుగా ఒక ఉష్ణస్థాపకాన్ని అమర్చి, నూనె సుమారు 80 డిగ్రీలు దాటేవరకు శీతలకం వైపు పోనివ్వకుండా తిప్పడం నాలుగవది. నీటి నియంత్రణ, నూనె నియంత్రణ వేర్వేరు సాధనాల చేతిలో ఉండాలన్న సూత్రానికి ఈ నాలుగవ అంచె స్పష్టమైన ఉదాహరణ. టర్బో ఛార్జరు ఉన్న ఇంజనును పూర్తి వేగం నుంచి ఒక్కసారిగా ఆపకూడదన్న నియమం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిపితే, నూనె ప్రవాహం ఆ కడ్డీలోని వేడిని తీసుకుపోతుంది. లేకపోతే నిలిచిపోయిన నూనె అక్కడే బొగ్గుగా మారుతుంది.

మన జలాలు, మన జాగ్రత్తలు

శీతలీకరణ వ్యవస్థకు ఏ నీరు దొరుకుతుందన్నది ఆ ప్రాంతపు భూగర్భాన్ని బట్టి ఉంటుంది. నంద్యాల జిల్లాలో కుందూ లోయ పొడవునా సున్నపురాతి పొరలు విస్తరించి ఉన్నాయి. కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహలు ఆ రాతిని నీరు కరిగించగా ఏర్పడినవే. వాననీటిలోని బొగ్గుపులుసు వాయువు సున్నపురాతిని కాల్షియం బైకార్బనేటుగా కరిగిస్తుంది. ఆ వాయువు విడిపోయిన చోట కరిగిన సున్నం మళ్ళీ ఘనరూపం దాలుస్తుంది. గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు ఆ విధంగా పుట్టినవే. ఇదే రసాయనచర్య ఇంజనులో వేడి వల్ల ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. బోరునీటితో నింపిన శీతలక వలయపు గోడలకు సున్నపు పొర పట్టుకుంటుంది. పోత ఇనుముతో పోల్చితే ఆ పొర ఉష్ణవాహకత్వం ఇరవయ్యవ వంతు మాత్రమే. ఒక మిల్లీమీటరు పొర పేరుకుంటే ఇంజను గోడ మందం రెండు సెంటీమీటర్లు పెరిగినంత అడ్డంకి ఏర్పడుతుంది. అందువల్ల సంవృత వలయంలో బోరునీరు పోయరాదు. స్వేదనజలంలో ఇంజను తయారీదారు చెప్పిన పాళ్ళలో ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు నిరోధకాలు కలిపిన శీతలకాన్నే వాడాలి. మన సీమలో నీరు గడ్డకట్టే భయం లేకపోయినా, తుప్పును నివారించడానికీ మరుగుస్థానాన్ని పెంచడానికీ అది అవసరమే.

శ్రీశైలం జలాశయంలో మరొక సమస్య ఒండ్రు. నిర్మాణకాలంలో 308 టీఎంసీలుగా లెక్కించిన ఈ జలాశయపు నిల్వ సామర్థ్యం పూడిక వల్ల సుమారు 215 టీఎంసీలకు తగ్గింది. కృష్ణమ్మ ఎంత మట్టిని మోసుకువస్తుందో చెప్పడానికి ఈ అంకెలే చాలు. వరదకాలంలో ఎర్రనీటిలో నడిచే పడవ, వేసవిలో మట్టం తగ్గి అడుగు నేలకు దగ్గరగా నడిచే పడవ, రెండూ ఆ ఒండ్రునే పీల్చుకుంటాయి. మెత్తని బురద ఉష్ణవినిమయకంలో పేరుకుంటుంది. ఇసుక ఇంపెల్లరు రెక్కలను అరగదీస్తుంది. ఇలాంటి రోజులలో ప్రయాణం ముగిసిన ప్రతిసారీ జల్లెడ విప్పి కడగడం నియమంగా పెట్టుకోవాలి.

నదికీ సముద్రానికీ ఉన్న తేడా కూడా గమనార్హం. విశాఖపట్నం, కాకినాడ రేవుల మరబోట్లలో ఉప్పునీటి విద్యుద్రసాయనిక క్షయం నుంచి ఉష్ణవినిమయకాన్ని కాపాడటానికి జింకు కడ్డీని అమర్చుతారు. ఇతర లోహాలకు బదులు ముందుగా తానే క్షయించడం దాని ధర్మం. మంచినీటిలో జింకుపై పొర ఏర్పడి అది సరిగా పనిచేయదు. నదిలో తిరిగే పడవలకు మెగ్నీషియం కడ్డీ తగినది. కోస్తా నుంచి కొనితెచ్చిన పడవను శ్రీశైలంలో దించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లక్షణాలను చదవడం

ఇంజను వేడెక్కినప్పుడు కారణాన్ని క్రమపద్ధతిలో కనుగొనవచ్చు. మొదట పొగగొట్టంతో పాటు బయటికి పడే నీటిని, అవుట్‌బోర్డు మోటారైతే పక్కనుంచి చిమ్మే సన్నని ధారను చూడాలి. ధార తగ్గినా, ఆగినా లోపం బయటినీటి మార్గంలో ఉంది: కవాటం, జల్లెడ, ఇంపెల్లరు వరుసగా పరీక్షించాలి. ధార మామూలుగా ఉండి నీటి ముల్లు మాత్రం లేస్తూ ఉంటే లోపం లోపలి వలయంలో ఉంది: శీతలక మట్టం, పంపు బెల్టు, ఉష్ణస్థాపకం, పీడన మూత చూడాలి. నీటి ముల్లు సరిగా ఉండి నూనె ముల్లు లేస్తే నూనె మట్టం, నూనె శీతలకం, నూనె రకం, పడవపై అధిక భారం, వీటిలో ఒకటి కారణం.

నూనె పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే అందులో నీరు చేరిందని గ్రహించాలి. ఇంజను నడిచేటప్పుడు నూనె పీడనం నీటి పీడనం కన్నా ఎక్కువ కాబట్టి, నూనె శీతలకపు గొట్టం చిల్లుపడితే నూనె నీటిలోకి పోతుంది. ఇంజను ఆగాక నీరు నూనెలోకి రావచ్చు. అందువల్ల పడవ వెనుక నీటిమీద నూనె తెట్టు కనబడటం, మరునాడు ఉదయం నూనె కొలకడ్డీ మీద మట్టం పెరిగి ఉండటం ఒకే లోపానికి చెందిన రెండు లక్షణాలు. నూనె పీడనం పడిపోతే క్షణం ఆలస్యం చేయక, పడవను సురక్షిత స్థానానికి తిప్పి ఇంజనును ఆపాలి. నీటి ఉష్ణోగ్రత హద్దు దాటుతూ ధార ఇంకా వస్తున్నదంటే, వేగాన్ని తగ్గించి కొంతసేపు నెమ్మదిగా నడపాలి. కాగిన ఇంజను మీద చల్లని నీరు పోయడం లోహాన్ని పగలగొట్టే పని.

ఉపసంహారం

పైన చెప్పిన సూత్రాలన్నీ మూడు వాక్యాలలో ఇముడుతాయి. పుట్టిన వేడికి తగినంత ప్రవాహం ఉండాలి. ఆ ప్రవాహం నీటికి వేరుగా, నూనెకు వేరుగా నియంత్రితం కావాలి. ఏ ఉష్ణోగ్రతా అవసరానికి మించి తగ్గకూడదు, పెరగకూడదు. ఈ మూడింటినీ పాటించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ప్రతి ప్రయాణంలోనూ ఇంజను భ్రమణవేగం, నీటి ఉష్ణోగ్రత, నూనె ఉష్ణోగ్రత, నూనె పీడనం అనే నాలుగు అంకెలను ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. ఒకే వేగం వద్ద నీటి ఉష్ణోగ్రత వారం వారం రెండు మూడు డిగ్రీల చొప్పున పెరుగుతూ ఉంటే, ప్రమాదం సంభవించక ముందే ఆ పుస్తకం దానిని చెబుతుంది. పాతాళగంగ, సంగమేశ్వరం రేవులలో పడవలు నడిపే సరంగులు, వరద సమయాలలో పడవలు పంపే అధికారులు, నంద్యాలలోని పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఈ అలవాటును ఉద్యమంగా స్వీకరించాలి. కనీసం ఈ సీజనుకు పడవ దించే ముందు జల్లెడ కడిగి, ఇంపెల్లరు విప్పి చూసి, నూనె మార్చి, మొదటి అంకెను రాయండి.